గోడకు చెవి ఆనించే మనిషి

మా చేలో ఇంటికి మూడు దయ్యాలున్నాయి. మూడింటినీ నేనే పుట్టించాను.

మొదటిది, కల్లంలో మిరపకాయలు తిరగేస్తూ వడదెబ్బకు పోయిన ముసలమ్మ. మధ్యాహ్నం వరండాలో ఎవరైనా కునుకు తీస్తే, రెండు పక్కలా సమంగా ఎండాలని అటోసారి ఇటోసారి దొర్లించి పోతుంది. రెండోది, పత్తి బోరేల కింద ఊపిరాడక పోయిన గుమస్తా. కనపడడు, తుమ్ముతాడు. మూడోది ఒక గేదె. దాని సంగతి పిల్లలకు తప్ప చెప్పను, పెద్దవాళ్ళు ప్రశ్నలు వేస్తారు. సెలవులకు వచ్చిన చుట్టాలు ఇవన్నీ విని, భయపడినట్టు నటించి, కడుపునిండా తిని వెళుతుంటారు. ఊరి బయట పాత ఇల్లంటూ ఒకటి పెట్టుకున్నాక వచ్చినవాళ్ళకు ఆ మాత్రం మర్యాద చెయ్యకపోతే ఎలా?

నాలుగోదాన్ని నేను పుట్టించలేదు. అదే చిక్కు.

మిట్టమధ్యాహ్నం, చేలల్లో కూలీలు అన్నాలకు కూర్చున్నాక, కాకి కూడా నోరు మూసుకున్న సమయంలో, మధ్య గదిలో పడమటి గోడ మోగుతుంది. మూడు దెబ్బలు. సుత్తితో కొట్టినట్టు కాదు. చెక్క పిడితో, నెమ్మదిగా, లోపల ఎవరున్నారో కనుక్కుంటున్నట్టు. ఆ తర్వాత ఒక మనిషి చెవి ఆనించి వినేంతసేపు నిశ్శబ్దం.

మా ఆవిడకు చెబితే, "గేదె ముసలిదైపోయిందా, కొత్తది కొన్నారా?" అంది.

ఆ కొట్టే తీరు ఎవరిదో నాకు తెలుసు. ఆయన పేరు మాత్రం ఇక్కడ రాయను. పని మొదలుపెట్టిన కొత్తలో, ఇల్లు పూర్తయ్యాక గుమ్మం పక్కన మీ పేరు చెక్కిస్తానంటే ఆయన ఒప్పుకోలేదు. "గోడ మీద పేరు రాసుకునేది ఓట్లడిగేవోళ్ళండీ. మేస్త్రికి పేరెందుకు?" అన్నాడు. ఆయన లేడు కదా అని ఇప్పుడు ఆ మాట దాటితే బాగుండదు.

ఇల్లు మా పెద్దలది కాదు. తుళ్ళూరు దగ్గర మా బావమరిదికి ఉన్న పొలం చెక్క రాజధానిలో కలిసిపోయాక వాడికి కాలికి మట్టి అంటక నిద్ర పట్టకుండా పోయింది. దానికి బదులిచ్చిన కాగితాలు చేతిలో పెట్టుకుని పల్నాడంతా తిరిగాడు. చివరికి పిడుగురాళ్లకు గంటలోపు దూరంలో, మిరప చేల మధ్య ఒక రాతి ఇల్లు చూసి నాకు ఫోన్ చేశాడు. "బావా, కట్టినోళ్ళు ఎవరో ఎవరికీ తెలియదు. మూడు చేతులు మారింది. గోడలు నా చెయ్యి చాపినంత మందం. ఇద్దరం కలిసి కొందాం. సెలవులకు రెండు కుటుంబాలూ ఇక్కడే ఉండొచ్చు." వాడిది ఆవేశం, నాది కుతూహలం. కొనేశాం.

లోపలికి అడుగు పెట్టగానే అర్థమైంది, ఆ ఇంట్లో చాలా ఏళ్ళు మిరప టిక్కీ బస్తాలు నిల్వ చేశారని. గోడ గోకితే కారం. మొదటి వారం మాట్లాడుకున్న దానికన్నా తుమ్మిందే ఎక్కువ. గుమస్తా దయ్యం అలా పుట్టింది. ఇద్దరు కాంట్రాక్టర్లు వచ్చి చూసి, ఒకడు పడగొట్టమని, రెండోవాడు చుట్టూ సిమెంట్ కొట్టి లోపల టైల్స్ వేయమని చెప్పారు. సున్నపు పని తెలిసిన ముసలాయన ఒకాయన ఉన్నాడని పిడుగురాళ్ల బట్టీల దగ్గర ఎవరో చెబితే కబురు పంపాం.

మోపెడ్ మీద వచ్చాడు. వెనక ఒక బొక్కెన, అందులో తాపీ, మట్టపు గోలీ, తుండుగుడ్డ. డెబ్బై దాటిన మనిషి. ఎండకు నల్లబడ్డాడో పుట్టుకే అంతో తెలియదుగానీ, చేతులు మాత్రం మోచేతుల దాకా పాలిపోయి, బూడిద పూసినట్టున్నాయి. గడప ఇవతల ఆగి, చెప్పులు విప్పి, ఖాళీ ఇంట్లోకి చూస్తూ గట్టిగా పిలిచాడు.

"లోపల ఎవరైనా ఉన్నారా?"

నేను ఆయన పక్కనే నిలబడి ఉన్నాను. "నేనిక్కడే ఉన్నా కదండీ మేస్త్రి గారూ," అన్నాను.

"మిమ్మల్ని కాదండీ."

కాసేపు ఆగాడు. ఎవరో లోపల మంచం మీదినుంచి లేచి, పైట సర్దుకుని, పక్కకు తప్పుకునేంత వ్యవధి ఇచ్చి అప్పుడు గడప దాటాడు. పని సాగిన ఎనిమిది నెలలూ రోజూ ఇదే. అన్నానికి బయటికి వెళ్ళి వచ్చినా సరే, పిలవందే లోపలికి రాడు. ఎందుకండీ అంటే, "చెప్పకుండా పోతే ఇల్లు ఉలిక్కిపడద్ది" అనేవాడు. మొదట్లో మా బావమరిది చాటుగా నవ్వేవాడు. మూడో నెలకల్లా వాడూ గడప దగ్గర ఆగి గొంతు సవరించుకోవడం మొదలుపెట్టాడు.

లోపలికి వచ్చాక గోడ గోడకూ తాపీ తిరగేసి, పిడితో మూడుసార్లు కొట్టి, చెవి ఆనించి కళ్ళు మూసుకునేవాడు. ఆ తర్వాత ఒకే మాట. "గట్టి." లేదా "బోలు." బోలు అన్నచోట చాక్‌పీసుతో సున్నా చుట్టేవాడు. నేను కూడా ఒకసారి చెవి ఆనించి చూశాను. నాకు నా గుండె చప్పుడు వినిపించింది, చెవిలోకి కాస్త కారం పోయింది.

ఆయనకు కిళ్ళీ అలవాటుంది. కానీ ఆకుకు సున్నం రాసుకోడు. ఉత్త ఆకూ వక్కా నములుతాడు. అదేమిటని అడిగితే, "పొద్దుగూకులూ తింటానే ఉన్నాం గదండీ, మళ్ళా వేరే ఎందుకు?" అన్నాడు.

దొడ్లో ముళ్ళకంపల కింద గుండ్రటి రాతి చక్రం ఒకటి దొరికింది. మా బావమరిది దాన్ని కడిగించి, నాలుగు కుర్చీలు వేసి టీ తాగే బల్ల చేద్దామన్నాడు. మేస్త్రి దాన్ని చూసి అక్కడే చతికిలబడ్డాడు. అది సున్నం నూరే గానుగ రాయట. ఎడ్లను కట్టి గుండ్రంగా తిప్పుతూ, సున్నమూ ఇసుకా కలిపి వెన్నలా నూరేది. "ఇది బల్ల కాదండీ. మీ ఇల్లు ఇందులోంచే లేచింది," అన్నాడు. ఎడ్లు ఎక్కడ దొరుకుతాయని, మా బావమరిది తన బుల్లెట్ బండిని కడతానన్నాడు. మేస్త్రి నిజంగానే ఆలోచించి, తల అడ్డంగా ఊపాడు. "ఎడ్లయితే మధ్యమధ్యలో ఆగి మనల్ని చూస్తయ్. ఆ ఆగటం కావాల సున్నానికి." రెండు మండలాలు తిరిగి ఎడ్ల జత తెచ్చాం. కరక్కాయలు దంచి, బెల్లం కలిపి కుండల్లో నానబెట్టాడు. ఆ వాసనకు ఊళ్ళో ఉన్న ఈగలన్నీ వచ్చాయి. మా ఆవిడ చూసి, "ఇల్లు కడుతున్నారా, అరిసెలకు పాకం పడుతున్నారా?" అంది. ఆయన నవ్వలేదు. "ఇల్లు కూడా తినాల గదమ్మా," అన్నాడు.

నా దయ్యాల కథలు ఆయనకు చెప్పకుండా ఎలా ఉంటాను? నీడన కూర్చుని ఆకు నములుతూ శ్రద్ధగా వినేవాడు. ముసలమ్మ కథ అయ్యాక బొటనవేలితో నేలమీది మట్టి రాపాడించి చూస్తూ, "ఇసుక ఎక్కువైందండీ," అన్నాడు.

"అంటే?"

"సున్నం ఒక పాలుకి ఇసుక రెండు పాళ్ళే పట్టుద్ది. మీరు నాలుగు పోశారు. ముసలమ్మ దాకా బానే ఉంది. దొర్లించడం దగ్గర రాలిపోయింది."

అప్పటినుంచి అది మా ఇద్దరి మధ్య లెక్క. కొత్త కథ చెప్పి ఆయన ముఖం చూసేవాణ్ణి. గుమస్తాకు మూడు పాళ్ళు. గేదెకు, "ఇందులో సున్నమే లేదండీ, ఉత్త ఇసుక" అని తుండుగుడ్డ దులుపుకుని లేచాడు. ఏళ్ళ తరబడి కథలు చెబుతున్నాను. నన్ను అబద్ధాలకోరనకుండా, పాళ్ళు సరిచేసి పంపినవాడు ఆయనొక్కడే.

ఒకసారి వర్షం పడుతోందని కారులో దింపడానికి వెళుతూ, దారిలో ఆయనకు రేషన్ షాపు దగ్గర పనుంటే ఆగాం. వేలిముద్ర మిషన్ ఆయన బొటనవేలు తీసుకోలేదు. చూపుడు వేలు తీసుకోలేదు. "ఇంకోటి పెట్టు సాయిబూ, ఇంకోటి," అని డీలరు పది వేళ్ళూ పెట్టించాడు. అరవై ఏళ్ళ సున్నం ఆ వేళ్ళ మీది గీతలన్నీ తినేసింది. నున్నగా, గులకరాళ్ళలా ఉన్నాయి. వెనక లైన్లోవాళ్ళు గొణుగుతున్నారు. ఆయన మాత్రం తాపీగా చెయ్యి తుడుచుకున్నాడు. "నా ముద్రలన్నీ గోడలకే అంటుకుపోయినయ్ అబ్బాయ్. పిడుగురాళ్ల నించి గుంటూరు దాకా వెతుక్కో, దొరకతయ్," అన్నాడు. లైను నవ్వింది. చివరికి కన్ను చూపించి బియ్యం తెచ్చుకున్నాడు. కారెక్కాక చాలాసేపు తన అరచేతులు చూసుకుంటూ కూర్చున్నాడు.

ఇది జరిగిన నెలకే మధ్య గదిలో ఒక చెయ్యి బయటపడింది.

పడమటి గోడకు దీపం పెట్టే గూడు ఉంది. దాని పక్కన వెల్ల పొరలు పొరలుగా గీకుతూ ఒక్కసారిగా ఆగిపోయాడు. తడిగుడ్డతో తుడిచాడు. పచ్చి సున్నం మీద ఎవరో కుడి చెయ్యి అదిమిపెట్టిన గుర్తు. ఐదు వేళ్ళూ విడివిడిగా, అరచేతి గీతలతో సహా. చిటికెన వేలు మాత్రం సగమే ఉంది.

పూత పూర్తయిన రోజున ఆఖరి గోడకు గూటి పక్కన చెయ్యి అదమడం వాళ్ళ ఇంటి మేస్త్రుల అలవాటట. ఆరగానే వాళ్ళే పైన వెల్ల వేసేస్తారట. చూపించుకోవడానికి కాదు. "మరెందుకు?" అన్నాను. ఆయన ఆ సగం వేలు దగ్గర తన వేలు పెట్టి, తియ్యకుండా నిలబడ్డాడు.

"మా మామండీ. బట్టీలో రాయి పడి వేలు పోయింది. పదేళ్ళప్పుడు ఆయన దగ్గరే నీళ్ళు మోసి ఈ పని నేర్చుకున్నా. ఆ యేడే పోయాడు. పాతికేళ్ళు కూడా లేవు. మా ఆవిడ అప్పటికి పొత్తిళ్ళలో ఉంది. నాయన ఎట్టా ఉంటాడో తెలవదు దానికి. ఫోటో లేదు. ఏమీ లేదు."

నేను జేబులోంచి ఫోన్ తీశాను. ఆయన వద్దన్నాడు.

"ఫోటో చూపిస్తే చూసినట్టేనా? దాన్ని తీసుకొచ్చి, ఇందులో చెయ్యి పెట్టిస్తా. మోకాళ్ళు పనిచెయ్యట్లేదు దానికి. గుంటూరులో ఆపరేషన్ అన్నారు. అది కాంగానే తీసుకొస్తా. అప్పటిదాకా ఈ ముక్క మీద పూత వెయ్యనండీ. ఇట్టాగే ఉండనీండి."

"మేస్త్రి గారూ, అది మీ గోడ అనుకోండి," అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో ఇప్పటికీ గుర్తుంది.

ఆపరేషన్ కోసం ఆయన ఇరవై రోజులు పని ఆపి వెళ్ళాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే మా రెండు కుటుంబాలూ కొత్త ఇంట్లో కలవాలని నిర్ణయం జరిగింది. పిల్లలకు సెలవులు, క్రికెట్ ఫైనలు, మా అత్తగారు వస్తానన్నారు. ఇంటికి అరవై ఐదు అంగుళాల టీవీ వచ్చింది. అది పట్టే గోడ ఒక్కటే, పడమటి గోడ. బిగించడానికి వచ్చినవాడు డ్రిల్లు పెట్టగానే సున్నం పొడిపొడిగా రాలింది. "ఇది ఆగదు సార్. ఈ గోడ మొత్తం సిమెంట్ కొట్టించండి, రేపొచ్చి బిగిస్తా," అన్నాడు.

మా బావమరిది నా వంక చూశాడు. "బావా, ఆ చెయ్యి..."

ఈ ఇంటి గురించి నేను చెప్పిన కథలన్నిట్లో తప్పు ఎవరిదో ఒక దయ్యానిది. ఇక్కడ మాత్రం నాదే. కానివ్వమన్నది నేను. ముందు ఫోటో తీద్దామనుకున్నాను. ఫోన్ అవతలి గదిలో చార్జింగ్‌లో ఉంది. అక్కడికి వెళ్ళి తెచ్చేలోపు కూలివాడు గూటి దాకా వచ్చేశాడు. పోన్లే, మేస్త్రి తిరిగొచ్చాక జాగ్రత్తగా తీయించవచ్చు అనుకున్నాను. సిమెంటు గురించి నాకేం తెలుసు? ఆ సాయంత్రానికి గోడ నున్నగా, బూడిదరంగులో, కొత్త స్కూలు గోడలా ఉంది. ఫైనలు బ్రహ్మాండంగా జరిగింది. అందరూ అరిచారు.

ఆయన అన్న రోజుకే వచ్చాడు. గడప బయట ఆగాడు. "లోపల ఎవరైనా ఉన్నారా?" అన్నాడు. ఆ పిలుపుకు లోపలినుంచి బయటికి పారిపోవాలనిపించింది నాకు.

మధ్య గదిలోకి వచ్చి గోడను చూశాడు. టీవీ కింద చెయ్యి పెట్టి తడిమాడు. తాపీ తిరగేసి మూడుసార్లు కొట్టాడు. చెవి ఆనించాడు. గట్టి అనలేదు, బోలు అనలేదు.

"ఎవురు కొట్టారండీ?" అన్నాడు.

చెప్పడానికి ఒక్క మాట చాలు. నేను కథ చెప్పాను. గోడలో చెయ్యి గుర్తు ఉందంటే దాని వెనక నిధి ఉన్నట్టేనని ఎవరో పుట్టించారనీ, అమావాస్య నాడు నలుగురు గునపాలతో వచ్చారనీ, నేను ఒంటరిగా కారప్పొడి చల్లి తరిమాననీ, మళ్ళీ వస్తారని భయపడి తప్పనిసరై మూసేశామనీ. గునపాల చప్పుడు చేసి చూపించాను. వాళ్ళలో ఒకడికి మెల్లకన్ను కూడా పెట్టాను.

ఆయన మొత్తం విన్నాడు. ఎక్కడో ఒకచోట ఆపి, ఇసుక ఎక్కువైందండీ అంటాడని చూశాను. అంటే బాగుండునని మెల్లకన్ను దగ్గర కావాలనే ఆగాను కూడా.

"సరేనండీ," అన్నాడు.

తాపీని తుండుగుడ్డతో తుడిచి, గూట్లో పెట్టి, బయటికి వెళ్ళాడు. మోపెడ్ చప్పుడు మిరప చేల గట్టు మీదుగా దూరమైంది. మిగిలిన పని వేరేవాళ్ళు చేశారు. ఆ తర్వాత నేను రెండుసార్లు ఫోన్ చేశాను. రెండుసార్లూ ఎత్తి, ఒకటే ప్రశ్న అడిగాడు. "గోడ ఎట్టా ఉందండీ?" బాగానే ఉందన్నాను. మూడోసారి చెయ్యలేదు.

బాగాలేదు. రెండు వర్షాకాలాలు గడిచేసరికి సిమెంటు వెనక రాతి గోడకు చెమట పట్టింది. తడి ఎటూ పోలేక టీవీ చుట్టూ నల్లటి మచ్చలు కట్టింది. టీవీ తీసి వేరే గదిలో పెట్టాం. ఎండలు ముదిరాక చప్పుడు మొదలైంది. మూడు దెబ్బలు. మొదటిరోజు తలుపు దగ్గరేమోనని వెళ్ళి చూశాను. దూరంగా మిరపకోత కూలీలు తప్ప ఎవరూ లేరు. గూట్లో ఆయన తాపీ అలాగే ఉంది.

చెబితే ఎవరు నమ్ముతారు? మా బావమరిది, "ఇది బాగుంది బావా, ముసలమ్మ కన్నా మేలు," అన్నాడు. మా తోడల్లుడైతే దీనికి మ్యూజిక్ పెట్టమన్నాడు. ముప్పై ఏళ్ళుగా నేను పోసిన ఇసుకంతా నా నెత్తిమీదే కూలింది.

మొన్న ఎండాకాలం చివర్లో ఫోన్ మోగింది. తెర మీద 'సున్నం' అని వచ్చింది. ఆయన నంబరును అలాగే దాచుకున్నాను. ఆత్రంగా ఎత్తి, "ఏందండీ మేస్త్రి గారూ, ఇన్నాళ్ళకి గుర్తొచ్చామా?" అన్నాను.

ఆడమనిషి గొంతు. "ఆయన పోయాడయ్యా. పదకొండు రోజులైంది."

నేను ఏదో అన్నాను. ఆమె ఓపిగ్గా విని, ఫోన్ చేసిన పని చెప్పింది. "ఆయన తాపీ మీ ఇంట్లో ఉందంట. గూట్లో. మరిచిపోలా, పెట్టొచ్చానన్నాడు. తెప్పించుకోమన్నాడు. ఇంకోటి కూడా అడగమన్నాడు."

"చెప్పమ్మా."

"గోడ మోగతందా అని."

మధ్యాహ్నం పన్నెండున్నర. వరండాలో ఎండ తెల్లగా కాస్తోంది. ఇన్నాళ్ళలో ఆ ప్రశ్న నన్ను అడిగినవాళ్ళు ఒక్కరు లేరు. "మోగుతోందమ్మా," అన్నాను.

"అయితే తాపీ అక్కడే ఉంది గదా అని చెప్పమన్నాడు. ఏమో అయ్యా, నాకు తెలవదు," అని పెట్టేసింది.

ఆ రోజే గడప బయట నిలబడ్డాను. నన్ను నేను ఎంత వెక్కిరించుకున్నా గొంతు పెగిల్చి పిలిచాను, లోపల ఎవరైనా ఉన్నారా అని. కాసేపు ఆగి వెళ్ళాను. గూట్లోంచి తాపీ తీశాను. పిడి ఆయన పట్టుకున్నచోట అరిగి ఉంది. తిరగేసి మూడుసార్లు కొట్టి, చెవి ఆనించాను. బోలు. ఈసారి నాకు కూడా తెలిసింది. సిమెంటు ఎప్పుడో గోడను వదిలేసి, విడిగా నిలబడి ఉంది. ఎండకు అది వంగడమే ఆ చప్పుడని ఇంజనీరు ఎవరైనా చెప్పవచ్చు. మూడుసార్లే ఎందుకు వంగుతుందో ఆయన్నే అడగండి.

తాపీ మొన గూటి పక్కన దూర్చి మెల్లగా ఎత్తాను. పళ్ళెమంత పెళ్ళ ఒకటి నా చేతుల్లోకి వాలింది. గోడలో ఆ గుర్తు లేదు. చెమ్మకు నానిన ఆ సున్నం పొర పొడిపొడిగా కిందికి రాలిపోయింది. పెళ్ళను తిరగేశాను.

వెనక నుంచి ఒక చెయ్యి నా వైపు చాచి ఉంది.

ఆ గుంటలోకి దిగిన సిమెంటు అక్కడే గట్టిపడింది. గోడలో అప్పుడు ఉన్నది చెయ్యి పెట్టిన పల్లం. ఇది చెయ్యి. ఉబ్బెత్తుగా, గీతలతో, సగం చిటికెన వేలితో. దాన్ని కింద పెట్టడానికి కూడా భయమేసి అలాగే కూలబడ్డాను.

పిడుగురాళ్లలో వాళ్ళ ఇల్లు బట్టీల వెనక వీధిలో. ఆకుల మీద కూడా సున్నపు దుమ్ము. ఆవిడ వాకిట్లో కుర్చీలో కూర్చుని ఉంది, ఆపరేషన్ అయిన కాలు చాపుకుని. తాపీ ఇచ్చాను. ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత తువ్వాలు విప్పి పెళ్ళను ఆవిడ ముందున్న స్టూలు మీద పెట్టాను. ఇదేమిటో నేను చెప్పనక్కర్లేకపోయింది. సగం వేలి మీదే ముందు చెయ్యి పడింది.

అరవై దాటిన ఆవిడ అరచెయ్యి ఆ చేతిని పూర్తిగా కప్పేసింది.

"ఇంత చిన్న చెయ్యా మా నాయనది?" అంది. ఆ వేళ్ళు నిమురుతూ, "పిల్లోడే గదా అప్పటికి," అంది, ఏ కొడుకు గురించో చెబుతున్నట్టు.

చాలాసేపు అలాగే పట్టుకుంది. ఆ తర్వాత వేళ్ళు పెళ్ళ అంచు దాటి వెనక్కి వెళ్ళాయి. బొటనవేలితో రాపాడించి చూసింది. మేస్త్రి భార్య, మేస్త్రి కూతురు.

"ఇది సున్నం కాదు," అంది.

"సిమెంటమ్మా. నేనే కొట్టించాను. టీవీ కోసం. మీ ఆయన మిమ్మల్ని తీసుకొస్తానన్నాడని తెలిసి కూడా. దొంగలు, నిధి అని ఆయనకు అబద్ధం చెప్పాను."

నా జీవితంలో ఇంత తక్కువ ఇసుక ఎప్పుడూ వాడలేదు. తిడుతుందని ఎదురు చూశాను. తిడితే బాగుండునని కూడా.

"మీ దొంగల సంగతి నాకు చెప్పలా," అంది నెమ్మదిగా. "వానకి చెమ్మెక్కి ఆ పెళ్ళ రాలి పొడైపోయిందన్నాడు. గోడ దోషం, ఎవురి తప్పూ లేదన్నాడు. ఆ వాన సంగతి చెప్పేటప్పుడు నా మొకం వంక చూళ్ళా. అప్పుడే అనుకున్నా."

"అమ్మా, నేను..."

"ఉండయ్యా." చెయ్యి ఎత్తింది. "నలభై అయిదేళ్ళు కాపరం చేశాం. ఒక్క అబద్ధం చెప్పాడు. అదీ మీ కోసం చెప్పాడు. ఇప్పుడు మీరొచ్చి దాన్ని పడగొడితే ఎట్టా? వానకే పోయింది. వానకే పోయిందని ఉండనీండి."

ఆవిడ తాపీ అందుకుని, తిరగేసి, పిడితో ఆ సిమెంటు అరచేతి మీద మూడుసార్లు కొట్టింది. వంగి చెవి ఆనించి కళ్ళు మూసుకుంది. ఆయన కూడా అలాగే కళ్ళు మూసుకునేవాడు.

"గట్టిగానే ఉంది," అంది.

ఆ సిమెంటంతా తీయించేశాను. పడమటి గోడ ఇప్పుడు ఉత్త రాయి. దాని మీద సున్నం పూసేవాళ్ళు దొరకలేదు, నేను గట్టిగా వెతకనూ లేదు. తాపీ పిడుగురాళ్లలో ఉంది. ఊడడానికి పెళ్ళ లేదు, వంగడానికి సిమెంటు లేదు, కొట్టడానికి పిడి లేదు.

నిన్న మధ్యాహ్నం మళ్ళీ మోగింది. మూడు దెబ్బలు. నేను గోడ ముందు నిలబడ్డాను. చెవి ఆనించి వినేంతసేపు నిశ్శబ్దం. అది అయిపోయింది. ఆ తర్వాత రావాల్సిన మాట కోసం కూలీలు అన్నాలు తిని మళ్ళీ చేలోకి దిగేదాకా అక్కడే ఉన్నాను. గట్టి అని గానీ, బోలు అని గానీ, ఆయన చెప్పలేదు.